పనసచెక్క మీద రాణి

"ప్రింటు అంటే మేడం, జెరాక్సు లాంటిదాండీ?" అని ప్రొఫెసర్ ఉమాశంకర్ గారు ఫోన్లో అడిగితే నేను మర్యాదగానే జవాబు చెప్పాను. నన్ను ఎరిగినవాళ్ళకి అదెంత కష్టమో తెలుసు. చెక్క మీద బొమ్మ చెక్కి, సిరా పూసి, కాగితం పరిచి, గరిటె వెనకవైపుతో రుద్ది తీసే అచ్చుబొమ్మలు నా పని. విజయనగరం చుట్టుపక్కల ఈ పని చేసేవాళ్ళు ఇంకొకరు ఉన్నట్టు నాకు తెలీదు. చేయించుకునేవాళ్ళు అంతకన్నా లేరు. నెల్లిమర్లలో జూటు మిల్లు వెనక వీధిలో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని, నా ఉలులూ నా కోపమూ అక్కడ పెట్టుకుని, ఎవరి జోలికీ పోకుండా బతుకుతున్నాను.

ఆయనకి కావలసింది రాణి బొమ్మ.

రాణి యూనివర్సిటీలో ఆయన విభాగంలో పరిశోధన చేసిన పిల్ల. పూసపాటిరేగ దాటి సముద్రం వైపు తిరిగితే వచ్చే ఒక చేపలవాళ్ళ పల్లె ఆమెది. గాలులకీ నీటి పోటుకీ చేపల వేటకెళ్ళేవాళ్ళు పెట్టుకున్న పేర్ల మీద పనిచేసింది. ఒడ్డున కూర్చోబెట్టి అడిగితే ఆ మాటలు నోటికి రావనీ, పడవలో ఉన్నప్పుడే వస్తాయనీ, శ్రావణంలో ఒక తెల్లవారుజామున మేనమామ రాముడి పడవెక్కింది. తిరిగొచ్చేటప్పుడు ఒడ్డు దగ్గరి కెరటాల్లో పడవ బోల్తా పడింది. తక్కినవాళ్ళంతా ఈదుకుంటూ బయటపడ్డారు. రాణి రాలేదు. ఆమె శవమూ రాలేదు. ఇప్పుడు సెమినార్ హాలుకి ఆమె పేరు పెడుతున్నారట, గోడకి బొమ్మ కావాలట, వచ్చినవాళ్ళకి పంచడానికి మరికొన్ని ప్రతులు కావాలట.

"ఫొటో పెట్టుకోవచ్చు కదండీ" అన్నాను.

"వాళ్ళమ్మ ఒప్పుకోవడం లేదు మేడం. ఫొటో పెద్దది చేయించి గోడకి తగిలిస్తే చనిపోయినవాళ్ళ ఫొటో అయిపోతుందంటుంది. చేత్తో చేసిన బొమ్మైతే సరేనంది. అదీ ఆవిడ చూసి ఊ అంటేనే."

ఆయన ఐడీ కార్డు ఫొటో ఒకటి పంపించారు. దానితో పాటు రాణి ముసలమ్మలతో మాట్లాడుతూ రికార్డు చేసిన మాటలు కొన్ని పంపించారు. ఆమె స్కాలర్ లాగా కనిపించాలనీ, వీలైతే కళ్ళజోడు పెట్టమనీ ఒక సలహా కూడా పంపించారు. ఆ పిల్లకి కళ్ళజోడు లేదు.

దసరాలు వెళ్ళాక తల్లి వచ్చింది, తమ్ముడు రాముణ్ణి వెంటబెట్టుకుని. తవిటమ్మ నాకన్నా చిన్నదే అయి ఉంటుంది గానీ, చూస్తే నాకు అక్కలా ఉంది. ఎముకల మీద చీర చుట్టినట్టుంది మనిషి. షెడ్డులోకి రాగానే నా ఉలుల వంక చూసి, కూర్చోమన్నా కూర్చోకుండా అసలు మాట చెప్పేసింది.

"నాకు ఒకటే కావాలమ్మా. దాని కళ్ళు తెరుసుకుని ఉండాల. బాగా తెరుసుకుని. వాల్చినట్టుండకూడదు, కిందకి సూస్తన్నట్టుండకూడదు. ఎవులూ దండ ఎయ్యకూడదు. నా గుంట పోలేదు, నా పిల్ల పోలేదు."

"సరే" అన్నాను. ఇంకేం అంటాను?

ఆవిడ కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే రాముడు గుమ్మం దగ్గర నా పక్కకొచ్చి నిలబడ్డాడు. దిట్టమైన మనిషి, చేతులు మాత్రం ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉన్నాడు.

"ఒడ్డుకి ఏటీ కొట్టుకు రాకపోతే, పోయినోల్లు కట్టిన గుడ్డో వాడిన వస్తువో పూడ్సి, దినం సేసీడం మా వాడలో అలవాటు. అప్ప ఒప్పదు. దాని గుడ్డలన్నీ పెట్లో ఎట్టి, ఆ పెట్టి మీదే కూకుంటాది. తలుపు గడియెట్టనీదు. అన్నం వొండి దాని కంచంలో ఎట్టి మూతెడతాది. తను తినదు. కన్ను మూసి తొంగుని ఎన్నాల్లయిందో. ఇలగే ఉంటే అప్ప కూడా ఎలిపోతాదమ్మా."

"నువ్వు చెప్పొచ్చు కదా?"

అతను సముద్రం ఉన్న వైపుకి తల తిప్పుకున్నాడు. నెల్లిమర్ల నుంచి సముద్రం కనబడదు. "దాని చెయ్యి నా సేతుల్లోంచే జారిపోయిందమ్మా. నానేటి సెప్పీది?" అన్నాడు.

బొమ్మకి పనసచెక్క వాడాను. బొబ్బిలిలో వీణలు చేసేవాళ్ళ దగ్గర ఎప్పుడో తెచ్చుకుని దాచుకున్న పలక అది. పచ్చగా, తేనె రంగుకి తిరిగి, ఉలి కింద వెన్నలా తెగుతుంది. చెక్క మీద నేను తవ్వేసిన చోటు కాగితం మీద తెల్లగా మిగులుతుంది, తవ్వకుండా వదిలిన చోటు నల్లగా పడుతుంది. కంటికైతే చిన్న చిన్న తెల్ల చీలికలు చాలు. రెప్పకీ కనుపాపకీ మధ్య వెంట్రుక వాసి సందు. ఆ సందులోనే మనిషి ఉండేది.

ఫొటో ఎదురుగా పెట్టుకుని, రికార్డులు పెట్టుకుని వింటూ చెక్కాను. నోరు చెక్కాలంటే గొంతు తెలియాలి, ఇది నా పిచ్చి. రాణి గొంతులో ఎప్పుడూ ఒక నవ్వు కింద కింద తిరుగుతుండేది. యూనివర్సిటీ పిల్ల అడిగినట్టు కాదు, చేపల బుట్ట దించుతూ పక్కింటి పిల్ల అడిగినట్టు అడిగేది. "ఏటేటి, ఇంకోపాలి సెప్పవే అమ్మమ్మా, నాకు ఇనబడ్లేదు." ఆ అమ్మమ్మ విసుక్కునేది. రాణి మళ్ళీ అడిగేది. చెప్పేదాకా వదలకపోవడంలో ఆ పిల్లా నేనూ ఒకటే జాతి. అందుకే కాబోలు, ఎన్నడూ చూడని మనిషి మీద నాకు ఇష్టం పుట్టింది.

రెండు వారాల్లో ముఖం చెక్క మీదకి వచ్చేసింది. అక్కడినుంచి నాకు షెడ్డులో ఒంటరిగా ఉన్నట్టు అనిపించడం మానేసింది. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఎవరైనా చెబితే ఎగతాళి చేసే రకాన్ని. అయినా ఫోను ఆపేసి టీ కాచుకుంటుంటే వెనకనుంచి "ఇంకోపాలి సెప్పవే" అని వినబడేది. పట్టపగలు, వీధిలో ఆటోలు తిరుగుతుండగానే వినబడేది. తిరిగి చూస్తే బల్ల మీద చెక్క. బల్ల మీద అది కాస్త పక్కకి తిరిగి ఉండేది కదా, ఆ పిల్ల చూపు నా మీద కాకుండా నా భుజం మీదుగా తలుపు వైపు ఉండేది. ఎవరో వస్తారని చూస్తున్నట్టు. ఒకరోజు భయమేసి చెక్కని గోడ వైపు తిప్పి పెట్టాను. తరవాత సిగ్గేసి మళ్ళీ ఇటు తిప్పాను.

అచ్చు తీయడం మొదలుపెట్టేసరికి వాయుగుండం పట్టుకుంది. ముసురంటే ముసురు కాదు. రేకుల మీద వాన పగలూ రాత్రీ ఒకటే హోరు. గోడలు చెమ్మ, బట్టలు చెమ్మ, అగ్గిపుల్ల వెలగదు. ఇలాంటి రోజుల్లో ఈ పని చేయకూడదు. కానీ ఆవిష్కరణ తేదీ కార్డుల్లో అచ్చేసేశామని ఉమాశంకర్ గారు రోజూ ఫోను చేసి నా ప్రాణం తీస్తున్నారు.

మొదటి ప్రతి అద్భుతంగా వచ్చింది. నా పనిని నేను పొగుడుకోను గానీ, కాగితం లేపగానే రాణి నన్ను సూటిగా చూసింది. కళ్ళు తెరుచుకుని, ఇప్పుడే ఏదో అడగబోతున్నట్టు. దాన్ని గుమ్మం దగ్గర తాడుకి క్లిప్పులతో తగిలించాను. తరవాతవి తీసినవి తీసినట్టు దాని పక్కన వరసగా తగిలిస్తూ పోయాను.

మర్నాడు పొద్దున చూస్తే ఆఖరున తీసిన ప్రతిలో రెప్పలు కాస్త బరువుగా ఉన్నాయి. సిరా ఎక్కువైందేమో అనుకుని చెక్క తుడిచి మళ్ళీ తీశాను. ఇంకా బరువయ్యాయి. భూతద్దం పెట్టి చూస్తే సంగతి తెలిసింది. చెమ్మ పట్టిన కాగితానికీ ముసురు గాలికీ చెక్క కూడా చెమ్మ పీల్చి ఉబ్బుతోంది. ముక్కుకీ జుట్టుకీ పెద్ద గీతలు కాబట్టి ఏమీ కాలేదు. వెంట్రుక వాసి సందులు మాత్రం మూసుకుపోతున్నాయి.

కారణం తెలిశాక భయం పోవాలి. పోలేదు. సన్న ఉలి తీసుకుని ఆ సందులు మళ్ళీ తవ్వాను. ఆ పూట కళ్ళు తెరుచుకున్నాయి, కానీ రాణి కళ్ళలా కాదు. ఏదో చూసి బెదిరిపోయిన కళ్ళు. ఆ ప్రతి చూసి నేనే కుర్చీలో వెనక్కి పడ్డాను. దాన్ని చింపి పొయ్యిలో పెట్టాను. తెల్లారేసరికి రెప్పలు మళ్ళీ దిగాయి. మళ్ళీ తవ్వాను. అప్పుడు తీసిన ప్రతీ పొయ్యిలోకే పోయింది. మూడో రోజు ఉలి చేత్తో పట్టుకుని నిలబడితే నా మీద నాకే అసహ్యం వేసింది. నిద్రపోదామని చూస్తున్న పిల్ల కళ్ళు రోజూ పొద్దున్నే ఇనుముతో తెరుస్తున్నాను నేను. ఆ పని చేయడం ఇక నా వల్ల కాలేదు. ఉలి కింద పెట్టేసి, ఎలా వస్తే అలా రానీ అని మిగిలిన ప్రతులు తీసుకుంటూ పోయాను. తల్లికి ఇవ్వడానికి మొదటి ప్రతి ఉండనే ఉంది. మిగతావి ఆవిడ కంటపడకుండా చూసుకుంటే చాలనుకున్నాను.

ఆ సాయంత్రమే ఆటో దిగి తవిటమ్మ లోపలికి వచ్చేసింది. తలంతా తడిసింది. వెనకాల రాముడు. బొమ్మ అయిపోయిందని ఉమాశంకర్ గారు ఫోను చేసి చెప్పారట. ఆయన నాలుక కోసినా పాపం లేదు. నేను గబగబా తాడు మీది ప్రతులు దించబోయాను. రెండో క్లిప్పు మీద చెయ్యి వేసేలోపే ఆవిడ వచ్చి మొదటి దాని ముందు నిలబడింది.

"ఇదిగో నా గుంట" అంది. నవ్వింది. ఆ నవ్వు చూశాక రికార్డుల్లో నేను విన్న నవ్వు ఎక్కడిదో తెలిసింది.

"ఇదే మీది తవిటమ్మా. రా, ఇలా కూర్చో. మిగతావి వానకి పాడైపోయాయి, చెక్కకి చెమ్మ పట్టి..."

ఆవిడ చెయ్యెత్తింది. నన్ను అలా ఒక్క చేత్తో నోరు మూయించినవాళ్ళు తక్కువ.

తవిటమ్మ రెండో దాని ముందుకి వెళ్ళింది. తరవాత మూడో దాని ముందుకి. ప్రతి ఒక్కదాని ముందూ ఆగింది. తాడు గది ఆ చివరనుంచి ఈ చివరికి ఉంది, ఎండు చేపలు ఆరేసినట్టు కాగితాలు వేలాడుతున్నాయి. ఒక్కోదానికీ రాణి రెప్పలు ఇంకాస్త కిందకి దిగుతున్నాయి. సగం వరస దాటేసరికి ఆవిడ తల పక్కకి వాలింది. ఒళ్ళో పిల్లకి నిద్ర పట్టిందో లేదో అని తల్లులు తొంగి చూస్తారే, అలాగ. ఇంకో నాలుగు అడుగులేస్తే ఆఖరిది వస్తుంది. అందులో కళ్ళే లేవు, రెండు నల్లటి గీతలు. అది చూస్తే ఈవిడ గుండె ఆగిపోతుందని, అడ్డం వెళ్ళి నిలబడబోయాను. ఆవిడ నన్ను పక్కకి జరిపేసింది.

ఆవిడ ఆఖరి దాని ముందు నిలబడింది.

"తొంగున్నాది" అంది. గట్టిగా అంటే లేస్తుందేమో అన్నట్టు, పెదవుల్లోనే.

గుమ్మం దగ్గర రాముడు రెండు చేతుల్తో తల పట్టుకుని కూలబడిపోయాడు. ఆవిడ నా వైపు తిరిగింది.

"ఆ పొద్దు నాను సూడ్లేదమ్మా. ఎలగ పోయిందో ఎవులూ సూడ్లేదు. నాను కళ్ళు మూస్తే సాలు, అది నీల్ల అడుగున్నించి కళ్ళు తెరుసుకుని నన్నే సూస్తన్నాది. నా గుంట అలగ సూస్తంటే నానెలగ తొంగుంటాను? కళ్ళు తెరుసుకునుంటే బతికున్నాదని... అందికే నీకు అలగ సెప్పినాను." ఆవిడ ఆఖరి కాగితం అంచుని వేలితో ముట్టుకుంది. "ఇలగ మెల్లిగా తొంగున్నాదన్నమాట. భయపడ్లేదు."

నేను చెమ్మ గురించీ ఉబ్బిన చెక్క గురించీ ఏమీ చెప్పలేదు. అవన్నీ నిజాలే. ఆవిడకి వాటితో పని లేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకూ లేదు.

"ఆ సెక్కేదీ?" అని అడిగింది.

బల్ల మీద ఉన్న చెక్కని రెండు చేతుల్తో ఎత్తింది. అది చిన్నదేం కాదు, ఓ ఏడాది పిల్లంత బరువు ఉంటుంది. ఎత్తి చాప మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకుంది. చెయ్యి నల్లబడింది.

"మొకం నిండా మసే. నీల్లు తే తల్లీ."

"నీళ్ళు తగలకూడదు తవిటమ్మా. చెక్క పాడైపోతుంది. కిరసనాయిలు పెట్టి గుడ్డతో తుడుస్తాం."

"నా గుంటకి కిరసనాయిలుతో తానం సేయిస్తావేటి?"

ముప్ఫై ఏళ్ళ పనిలో ఒక్క చెక్క మీద ఒక్క చుక్క నీరు పడనివ్వలేదు నేను. లేచి వెళ్ళి బకెట్టుతో నీళ్ళు పట్టుకొచ్చాను. పసుపు ఉందా అని అడిగితే పొయ్యి దగ్గర కూరలో వేసే పసుపు డబ్బా తెచ్చిచ్చాను. ఆవిడ నుదుటినుంచి మొదలుపెట్టి, చెంపలు, చెవుల వెనక, గడ్డం కింద, తొందర లేకుండా రుద్దింది. నూనె సిరా నీళ్ళకి పోదు. పసుపు మాత్రం నేను చెక్కిన గీతలన్నిట్లోకీ దిగింది.

"మసి పోవడం లేదు" అన్నాను.

"పోకపోతే పోనీ. దాని రంగే అంత" అంది తవిటమ్మ. పైట చెంగుతో తడి అద్దింది. "ఒరే రాముడూ. గుడ్డలు పూడ్సితే గుడ్డలు పూడ్సినట్టుంటాది గానీ నా పిల్లని పూడ్సినట్టెలగుంటాదిరా? అందికే ఒప్పుకోలేదు. ఇది ఒళ్ళు. రేపు పొద్దున్న సేసీద్దాం."

నా పనిలో ఒక పద్ధతి ఉంది. అనుకున్నన్ని ప్రతులు తీశాక చెక్క మీద బొమ్మకి అడ్డంగా ఉలితో లోతుగా ఒక గాటు పెడతాం. ఇక దానితో ఎవరూ, మేం కూడా, ఇంకో ప్రతి తీయకూడదని. గాటు పెట్టని చెక్క చేతులు మారితే ఈ పనికి విలువ ఉండదు. అలవాటు కొద్దీ నేను పెద్ద ఉలి చేతిలోకి తీసుకున్నాను. ఆవిడ చూసి ఎందుకని అడిగింది. ఎందుకో చెప్పాను.

"మట్టిలోకి ఎలిపోయేదాన్ని ఎవులు తీస్తారమ్మా?" అంది.

ఉలి బల్ల మీద పెట్టేశాను. నేను చెక్కిన వాటిల్లో గాటు పడని చెక్క అదొక్కటే.

మర్నాటికి వాన తెరిపిచ్చింది. ఉమాశంకర్ గారికి మొదటి ప్రతి పంపించేసి, ఒప్పుకున్నన్ని ప్రతులు లేవనీ, ఇక రావనీ చెప్పేసి ఫోను కట్టేశాను. ఆ పల్లెకి నేను చేరేసరికి వాడ వాడంతా సరుగుడు తోట దగ్గర ఉంది. సముద్రం ఇంకా మురికిగా, కోపంగా ఉంది. నాకు దాని వైపు చూడాలనిపించలేదు. రాత్రి తవిటమ్మ ఇంట్లోనే చెక్కని చాప మీద పెట్టి దీపం పెట్టారట. ఆవిడ దాని పక్కనే పడుకుని తెల్లారేదాకా కదల్లేదని, బతికుందో లేదోనని రెండుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశామని ఒక ముసలమ్మ నాతో చెప్పింది. ఆ ముసలమ్మ గొంతు నేను ఎరుగుదును. రికార్డులో రాణిని విసుక్కున్న అమ్మమ్మ ఆవిడే.

కొత్త చీరలో చుట్టి తెచ్చారు. ముఖం మాత్రం బయటికి ఉంచారు. తడి ఇసకలో గొయ్యి రాముడే తవ్వాడు, ఇంకెవరినీ పార ముట్టనివ్వలేదు. తవిటమ్మే గోతిలోకి దిగి, చెక్కని వెల్లకిలా పడుకోబెట్టి, చీర అంచు సర్ది, ఒకరి చెయ్యి పట్టుకుని పైకి వచ్చింది. అప్పటిదాకా ఆవిడ కంట చుక్క నీరు లేదు. వాడలో ఆడవాళ్ళంతా ఏడుస్తున్నారు, నేనూ ఏడుస్తున్నాను, ఆవిడ మాత్రం గోతిలోకి చూస్తూ నిలబడింది.

రాముడు పార నిండా ఇసక ఎత్తాడు. మేనకోడలి వైపు చూడలేక మొహం పక్కకి తిప్పుకుని, పార పైకి లేపాడు.

"ఒరే, ఒరే" అని తవిటమ్మ ఒక్కసారిగా ముందుకి వచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది. నాలుగు నెలలుగా బయటికి రాని ఏడుపు అప్పుడు వచ్చింది. "మెల్లగా ఎయ్యరా తమ్ముడూ. మొకం మీద పడతాది."

రాముడు పార పక్కన పడేశాడు. గోతి అంచున మోకాళ్ళ మీద కూర్చుని, దోసిలితో ఇసక తీసి, కాళ్ళ వైపునుంచి వెయ్యడం మొదలుపెట్టాడు.